కొండా, అడవా, ఏరా? సంక్రాంతి సెలవులకు రూటు తేలక మా గ్యాంగ్ విడిపోయేలా ఉంది

పటమట_పాదచారి
పోయిన ఆదివారం కొత్తూరు తాడేపల్లి వైపు నుంచి కొండపల్లి అడవిలోకి నడిచాం, ఆరుగురం. యాప్‌లో 9 కిలోమీటర్లు, ఎక్కుడు 450 మీటర్లు, పక్కన పచ్చరంగులో ‘సులువు’ అని రాసి ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం అనుకున్నాం. మళ్ళీ రోడ్డు మీద పడేసరికి రాత్రి ఏడు. వానలకు పెరిగిన పొదల్లో దారి రెండుసార్లు పోయింది. మా బావమరిదికి నీళ్ళు చాలక పిక్కలు పట్టేశాయి. ఒక బండ మీద చతికిలబడి ‘బావా, మీరు వెళ్ళిపోండి, నేను పొద్దున్నే వస్తాలే’ అన్నాడు. అప్పటికి నా సీసాలో మిగిలినవి మూతతో కొలిస్తే నాలుగు మూతల నీళ్ళు. రెండు వాడికి పోశాను. చివరికి థర్మల్ స్టేషన్ లైట్లు చూసుకుంటూ దిగాం.

ఇంత అయినా గ్యాంగ్‌కు బుద్ధి రాలేదు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు ఉంది. ఒకడు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచుకొండ అంటాడు, ఒకడు శ్రీశైలం అడవి అంటాడు, ఒకడు నాగాయలంకలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) వేద్దాం అంటాడు. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది, ‘మా తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్తారో అలాగే తీసుకురావాలి’ అని. ఫోటోలు చూసి కాకుండా, అసలు రూటు ఎలా ఎంచుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గుంటూరు_కారం
టైటిల్‌లో మమ్మల్ని ‘ఏరా’ అని పిలుస్తున్నావేంటి బ్రదర్? ముందు బావమరిది ఎలా ఉన్నాడు?

పటమట_పాదచారి
వాడు బాగానే ఉన్నాడు. నాతోనే మాట్లాడటం లేదు.

రైవస్_కాలువ
నడక ఎన్నింటికి మొదలుపెట్టారు? అన్నీ రాశారు, అదొక్కటి రాయలేదు.

పటమట_పాదచారి
కొంచెం ఆలస్యమైందిలెండి. అసలు విషయానికి రండి.

కొండవీటి_చాంతాడు
రైవస్ గారు అడిగిందే అసలు విషయం. కిలోమీటర్లు చూసి రూటు ఎంచుకోవడమే మీ మొదటి తప్పు. చూడాల్సింది గంటలు. నైస్మిత్ అని ఒక స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మీ రూటుకు వేస్తే 9 కిలోమీటర్లకు గంటా నలభై ఎనిమిది నిమిషాలు, 450 మీటర్లకు ముప్పావుగంట, మొత్తం రెండున్నర గంటలు. మీ యాప్ ‘సులువు’ అన్నది ఇలాంటి లెక్కతోనే అయ్యుంటుంది.

కానీ అది చల్లటి దేశంలో, దారి తెలిసి, ఆగకుండా నడిచేవాడి లెక్క. మన కొండల్లో చెట్లు పొట్టివి, నీడ తక్కువ, తొమ్మిది దాటితే బండలు పెనంలా కాలతాయి. వానలయ్యాక మొదటి రెండు నెలలు పొదలు మనిషెత్తు ఉంటాయి. ఆరుగురు ఉన్నారంటే ఒకడి బూటు లేసు, ఒకడి ఫోటో, ఒకడి ఫోన్‌కాల్. నేనైతే మన దగ్గర ఆ లెక్కను రెట్టింపు చేసి, భోజనానికి గంట కలుపుతాను. అంటే మీ రూటు ఆరు గంటల రూటు. నవంబర్‌లో ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. పొద్దున ఆరుకు బయల్దేరితే అది మంచి రూటు, పదికి బయల్దేరితే అదే చెడ్డ రూటు.

ఇంకోటి. కొత్తవాళ్ళు ఉన్నప్పుడు మధ్యలో దిగిపోయే వీలున్న కొండ చూసుకోవాలి. నేను మా నాన్నగారితో (62 ఏళ్ళు) మూడుసార్లు కొండవీడు ఎక్కాను. పాత కోట దారిన నడక, పైన బురుజులు, మూడు చెరువులు, చూసినంత చూడొచ్చు. ఆయనకు మోకాలు నొప్పి వచ్చిన రోజు తమ్ముడికి ఫోన్ చేస్తే ఘాట్ రోడ్డు మీద కారు పైకే వచ్చింది. కోటప్పకొండ కూడా అంతే, మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. కొండపల్లి లోపలి అడవిలో మీ బావమరిదిని దింపడానికి ఏ కారు వస్తుంది?

గాలివాటం
చాంతాడు అన్నా, అన్నీ లెక్కలేసుకుని పోయేదానికి సాహసం అనడం దేనికి? బ్యాంకు పనికి పోయినట్టు ఉంటుంది. దారి తప్పితేనే కదా చెప్పుకోడానికి కథ ఉండేది. పాదచారి పోస్టే చూడండి, సాఫీగా జరిగుంటే రాసేవాడా?

గుంటూరు_కారం
కొండవీటి చాంతాడు పేరు పెట్టుకుని ఆ మాత్రం పొడుగు రాయకపోతే పేరుకే అవమానం.

రైవస్_కాలువ
కథ చెప్పడానికి మనిషి మిగలాలి కదా గాలివాటం.

మ్యాపు_పిచ్చి
పాదచారి గారు ‘లైట్లు చూసుకుంటూ దిగాం’ అని గొప్పగా రాశారు. దానిమీదే నాకు గొడవ. ఆ కొండల మీద ఎక్కడ నిలబడ్డా ఇబ్రహీంపట్నం వైపు పొగగొట్టాల మీది ఎర్రలైట్లు కనబడతాయి. పక్కనే ఉన్నట్టు ఉంటుంది. కానీ మీకూ లైటుకూ మధ్య ఏముందో చీకట్లో కనబడదు. వాగు కోసేసిన గట్టు ఉండొచ్చు, పాత రాతి క్వారీ ఉండొచ్చు. తిన్నగా లైటు వైపు దిగడం కన్నా, వచ్చిన దారినే వెనక్కి పోవడం నూటికి తొంభైసార్లు మేలు.

పటం చదవడం రెండు సాయంత్రాల్లో వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 పటాల్లో ఒక కాంటూర్ గీతకూ (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత) పక్క గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఎడం ఎడంగా ఉంటే కబుర్లు చెప్పుకుంటూ నడవొచ్చు. ఒకదానికొకటి అతుక్కుని ఉంటే చేతులు కూడా వాడాలి. గీతలన్నీ ఎక్కుడు వైపు మొన తేలి ఒంగాయంటే అక్కడ వాగు ఉన్నట్టు. గుట్ట అంచున నడిచే రూటు, వాగులో దిగి ఎక్కే రూటు రెండూ 9 కిలోమీటర్లే కావచ్చు. కాళ్ళకు మాత్రం ఒకటి కాదు.

యాప్‌లో గీత ఉందంటే దారి ఉందని కాదు. ఎవరో ఒకాయన ఏదో ఒక వేసవిలో నడిచాడని మాత్రమే. ఆయన ఎప్పుడు నడిచాడో తేదీ చూడండి. ఏప్రిల్‌లో ఎండిపోయిన అడవిలో గీసిన గీతను అక్టోబర్‌లో నమ్ముకుంటే ఉత్తరేణి గింజలు ఏరుకోడానికే రెండు రోజులు పడుతుంది.

పటమట_పాదచారి
నిజమే. ప్యాంటుకు అంటుకున్న గింజలు ఇంకా పోలేదు. మీరన్న వాగు కూడా తగిలింది. ఇద్దరి కన్నా పొడుగున్న గట్టు, కిందంతా గుండ్రాళ్ళు. బావమరిదిని లుంగీ కట్టి దించాం. ఇంట్లో ఇది చెప్పలేదు.

గుంటూరు_కారం
లుంగీ ఎందుకు తీసుకెళ్ళారు అసలు?

పటమట_పాదచారి
భోజనాలకు కింద పరుచుకోడానికి. భోజనం కూడా ఉంటే బాగుండేది.

వన్‌టౌన్_అమ్మాయి
ఒక్కరూ రాయని సంగతి నేను రాస్తాను. రూటు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది టాయిలెట్. నవ్వకండి. మేం నలుగురు ఆడవాళ్ళం మంగళగిరి కొండ, ఉండవల్లి, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు దగ్గరి నడకదారి, ఇలా ఒక ఏడాదిగా తిరుగుతున్నాం. దార్లో వెళ్ళే చోటు లేదని చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. ఆ ఎండలో నీళ్ళు మానేసి నడిస్తే ఏమవుతుందో పాదచారి గారి బావమరిదిని అడగండి. మేం మాత్రం ముందే చూసుకుంటాం, ఎక్కడ గుడి ఉంది, ఎక్కడ ఊరు తగులుతుంది అని. మిగతాచోట ఒక చీర, నాలుగు తాళ్ళు సంచిలో ఉంటాయి. ఐదు నిమిషాల్లో గది తయారు.

రెండోది, అందరికన్నా నిదానంగా నడిచే మనిషిని ముందు నడిపించండి. మా గ్రూపులో ఒకామెకు ఆయాసం. ఆమె ముందుంటే అందరం ఆమె నడకకు సర్దుకుంటాం. వెనకుంటే, మేం ఆగి ఎదురుచూసి ఆమె రాగానే లేచి బయల్దేరేవాళ్ళం. అంటే అందరికీ విశ్రాంతి దొరికింది, అవసరమైన మనిషికి తప్ప. ఇది తెలియడానికి మాకు మూడు నడకలు పట్టింది.

రైవస్_కాలువ
చివరి నాలుగు వాక్యాలు ప్రింటు తీసి మా ఆఫీసు ట్రెక్ క్లబ్ తలుపుకు అంటిస్తాను.

అరండల్‌పేట_4వ_లైన్
కేదార్‌కంఠ గురించి. రెండేళ్ళ కింద డిసెంబర్‌లో వెళ్ళొచ్చాను. ముందు క్యాలెండర్ తీయండి. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైనే. అక్కడి నుంచి డెహ్రాడూన్. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ ఊరికి మలుపుల రోడ్డు మీద పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగుతారు. కొండెక్కి దిగడానికి నాలుగైదు రోజులు. మళ్ళీ ఇదంతా వెనక్కి. పది రోజులు లేకుండా ఆ పేరు ఎత్తకండి. నాలుగు రోజుల సెలవులో మీరు చూసేది రైలు ప్యాంట్రీ మాత్రమే.

మా సంగతి చెప్తాను. ఆన్‌లైన్‌లో తక్కువ ధర చూసి ఒక సంస్థకు డబ్బు కట్టాం. పేరు అడగొద్దు. ‘కొత్తవాళ్ళకు అనువైనది, మంచులో నడక, అన్నీ మేమే చూసుకుంటాం’ అన్నారు. అక్కడికి వెళ్తే ఇరవై ఎనిమిది మందికి ఇద్దరు గైడ్లు. స్లీపింగ్ బ్యాగు జిప్పు పోయింది. రాత్రంతా నేనూ నా స్నేహితుడూ ఒక చేత్తో జిప్పు పట్టుకుని, ఇంకో చేత్తో ఒకర్నొకరు తిట్టుకుంటూ పడుకున్నాం. శిఖరం రోజు రాత్రి మూడింటికి లేపారు. తలపోటుతో, వాంతితో కూర్చుండిపోయిన నన్ను చూసి గైడ్ పిల్లాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ‘నహీ సార్, నీచే’ అని చెయ్యి పట్టుకుని దించాడు. సంస్థ మంచిది కాకపోయినా ఆ కుర్రాడు మంచోడు.

నేను శిఖరం చూడలేదు. కింద దేవదారు చెట్ల మీద మంచు రాలడం చూశాను. గుంటూరు వాడికి అదే ఎక్కువ.

మందుల_చీటీ
పైన రాసింది చదివి ఒక మాట చెప్పాలి. నేను గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను. ఏటా ఇద్దరు ముగ్గురు ‘కొండకు వెళ్తున్నాం, మాత్ర రాయండి’ అని వస్తారు. కేదార్‌కంఠ దాదాపు 12,500 అడుగులు. మనం పుట్టి పెరిగింది సముద్రమట్టానికి కాస్త పైన. అంత ఎత్తులో గాలి పీడనం ఇక్కడున్న దానిలో మూడింట రెండొంతులకన్నా తక్కువే, ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. 8,000 అడుగులు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావొచ్చు. జిమ్ములో కండలు పెంచిన కుర్రాడికి రావొచ్చు, అరవై ఏళ్ళ మాస్టారికి రాకపోవచ్చు.

కాబట్టి రెండు రూట్లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు శిఖరం ఎత్తు కాదు, ప్రతి రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో చూడండి. 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదని వైద్యుల సలహా. ఆరు రోజుల ప్రోగ్రాంను నాలుగు రోజులకు కుదించి చవగ్గా ఇస్తున్నారంటే, కోసేసింది సరిగ్గా ఆ విశ్రాంతి రోజులే. తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఇంక పైకి ఎక్కకూడదు. తిన్నగా నడవలేక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా చీకటైనా సరే కిందికి దించాలి. నాలుగో లైన్ గారి గైడ్ చేసింది అదే.

మాత్ర సంగతి, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డైమాక్స్ అందరికీ పడదు. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. స్నేహితుడి స్ట్రిప్‌లోంచి తీసుకుని వేసుకోవద్దు.

గాలివాటం
మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కేసింది. మనం ముప్పై ఏళ్ళొచ్చి 12,000 అడుగులకు ఇంత భయపడాలా?

కొండవీటి_చాంతాడు
2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో. వాళ్ళ బృందం భువనగిరి రాతికొండ మీద పాకడంతో మొదలుపెట్టింది. ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్, ఆ తర్వాతే ఎవరెస్ట్. ఒక్కో మెట్టూ ఎక్కారు. నువ్వు గాంధీకొండ మీదికి ఆఖరిసారి నడిచి ఎప్పుడెక్కావు?

గాలివాటం
చిన్నప్పుడు. టాయ్ ట్రైన్ కోసం.

గుంటూరు_కారం
😂 నిజాయితీకి ఒక ప్లేటు పునుగులు.

నల్లమల_నడక
శ్రీశైలం వైపు సంగతి నేను చెప్తాను. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. ‘అడవిలో నడుద్దాం’ అని బ్యాగు తగిలించుకుని లోపలికి పోయే చోటు కాదు. అనుమతి లేకుండా దిగితే కేసు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబర్ దాకా సందర్శకులను అసలు రానివ్వరు. ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికి కూడా అటవీశాఖ ఏర్పాటు చేసిన జీపులోనే పోవాలి, ఆ జీపు ప్రయాణమే నడుముకు ఒక సాహసం.

నడవాలని గట్టిగా ఉంటే శివరాత్రికో ఉగాదికో రండి. ఆ రోజుల్లో భక్తుల కోసం పాత కాలిబాట తెరుస్తారు. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, అక్కడి నుంచి కైలాసద్వారం. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది ఈ దారిలో నడిచి మల్లన్న దగ్గరికి వస్తారు. నేను రెండేళ్ళ కింద వాళ్ళతో కలిసి నడిచాను. నా కాలికి వెయ్యి రూపాయలు పెట్టి కొన్న బూటు, నా ముందు నడిచే అవ్వకు ఉత్త పాదాలు. భీముని కొలను దిగుడులో ఆమె నా కోసం రెండుసార్లు ఆగింది.

సంక్రాంతికైతే సాగర్ వెళ్ళండి. లాంచీ మీద నాగార్జునకొండ, పక్కనే ఎత్తిపోతల. లాంచీ ఉందో లేదో ముందురోజే కనుక్కోండి, గాలి ఎక్కువున్నా నీళ్ళు తక్కువున్నా తిప్పరు.

మ్యాపు_పిచ్చి
కొండపల్లి కూడా రిజర్వ్ ఫారెస్టే. పాదచారి గారు అటవీశాఖ వాళ్ళకు చెప్పి వెళ్ళారా?

పటమట_పాదచారి
కొంచెం ఆలస్యమైందని చెప్పాను కదండీ, ఆ హడావుడిలో...

రైవస్_కాలువ
ఈ ‘కొంచెం’ రోజురోజుకీ పెరుగుతోంది.

నాగాయలంక_పడవ
కయాక్ అన్నారు కాబట్టి వచ్చాను. మా ఇల్లు రేవు పక్కనే. బెజవాడ వాళ్ళు వచ్చి మొదట అడిగేది ‘ఎంత దూరం తెడ్డు వేయాలి’ అని. నీటిమీద దూరం కాదండీ అడగాల్సింది, పోటు ఎన్నింటికి అని. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలాక మా వైపు పాయలో నీళ్ళు సముద్రంతో పాటు లేస్తాయి, పడతాయి. ఇంచుమించు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు ఆటు. ఆటులో సముద్రం వైపు పోయి, పోటు మొదలయ్యాక వెనక్కి తిరిగితే నీళ్ళే మోసుకొస్తాయి. అటుదిటు చేస్తే చేతులు పడిపోయేలా తెడ్డు వేసినా ఒడ్డు మీది మడచెట్టు కదలదు, పక్కనే ఉంటుంది. ఈ టైము రోజూ ముప్పావుగంటకు పైగా వెనక్కి జరుగుతుంది. నిన్న మీ ఫ్రెండ్ వెళ్ళిన టైముకే ఈ రోజు మీరు వెళ్తానంటే కుదరదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. అష్టమి నవములకు నీరసం, కొత్తవాళ్ళకు ఆ రోజులే మంచివి.

ఆటు పూర్తిగా పడ్డాక చిన్న కాలవల్లోకి దూరొద్దు. నీళ్ళు జారిపోయి పడవ బురదలో కూర్చుంటుంది. దిగి తోద్దాం అనుకుంటే తొడ దాకా దిగుతారు. ఆ బురదలోంచి మడచెట్ల వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. పోయినేడు ఒక కుర్రాడు చెప్పు లేకుండా దిగి అరికాలు చీరుకున్నాడు. మళ్ళీ పోటు వచ్చేదాకా నాలుగు గంటలు అక్కడే, దోమలతో. బావురుపిల్లిని (చేపలు పట్టే అడవిపిల్లి) చూడాలని వచ్చాడు పాపం. అది మాత్రం వాణ్ణి చూసే ఉంటుంది.

మా ఊరి మనిషిని ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. తుపాను కబురు ఉంటే బయల్దేరనే వద్దు. 1977 చూసిన దివిసీమ వాళ్ళు ఎవరైనా ఇదే చెప్తారు.

గాలివాటం
ఇంత దూరం దేనికి? ప్రకాశం బ్యారేజీ పైన నీళ్ళు చెరువులా నిలబడి ఉంటాయి. భవానీ ద్వీపం చుట్టూ ఒక రౌండ్ వేస్తే పోలా?

బ్యారేజీ_గాలి
చెరువులానే ఉంటుంది, అదే మోసం. నేను తాడేపల్లి వైపు కరకట్ట మీద రోజూ నడుస్తాను. 2024 సెప్టెంబర్ 2న అదే ‘చెరువు’లో 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఇక్కడ ఎండ కాస్తున్నా పులిచింతలలో గేట్లు ఎత్తారంటే నీళ్ళు మన దగ్గరికి వస్తాయి. అందుకే వానాకాలంలో ఇక్కడి ఆకాశం కాదు, పైనున్న డ్యాముల వార్త చూడాలి. బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు, కయాక్ వాడు ఆ అంకె దాకా ఆగక్కర్లేదు. గేట్లు తెరిచారంటే చాలు, ఆ రోజుకు రద్దు.

రెండోది, లైఫ్ జాకెట్. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, ఒంటిమీద జాకెట్లు లేవు. ఒడ్డు కనబడుతూనే ఉంది. ఆ రోజు నుంచి నేను జాకెట్ బకిల్ పెట్టుకుని, పక్కవాడితో భుజాల దగ్గర పట్టి పైకి లాగించి చూసుకుంటాను. గడ్డం దాకా లేచిందంటే అది జాకెట్ కాదు, ఉత్త దిండు.

బ్యారేజీ కింద ఎండిన ఇసుకలో నడిచేవాళ్ళకు కూడా ఒక మాట. ఇసుక తవ్విన గుంటల్లో నీళ్ళు మోకాలు లోతు అనిపిస్తాయి. ఒక్క అడుగు ముందుకేస్తే మనిషి లోతు. అక్కడ స్నానాలు వద్దు.

గాలివాటం
ఓకే, ఇక్కడ మాత్రం నేను నోరు మూసుకుంటున్నా. మరి నీళ్ళలో నిజమైన థ్రిల్ కావాలంటే?

అరండల్‌పేట_4వ_లైన్
రిషికేశ్‌లో రాఫ్టింగ్. నీటి ఉరవళ్ళను 1 నుంచి 6 దాకా గ్రేడు కడతారు. కొత్తవాళ్ళకు 3 చాలు, శివపురి నుంచి రిషికేశ్ దాకా 16 కిలోమీటర్లు అలాంటిదే. గ్రేడు కూడా స్థిరం కాదు, నీళ్ళు పెరిగితే అదే ఉరవడి ఇంకో గ్రేడుకు పోతుంది, అందుకే వానాకాలంలో ఆపేస్తారు. జనవరిలో నీళ్ళు మాత్రం ఎముకలు కొరికే చలి. వెట్‌సూట్ ఇవ్వనివాడి దగ్గర ఎక్కకండి.

వన్‌టౌన్_అమ్మాయి
పాదచారి గారూ, ఇంతమంది ఇంత రాశాం. ఏం తేల్చారు?

పటమట_పాదచారి
నిన్న రాత్రి గ్యాంగ్ కూర్చున్నాం. కేదార్‌కంఠ వచ్చే ఏడాది డిసెంబర్‌కు వాయిదా. పది రోజుల సెలవు ముందే పెట్టుకుంటాం, రాత్రి బసల ఎత్తులు రాసివ్వని సంస్థకు డబ్బు కట్టం. అప్పటిదాకా ప్రతి ఆదివారం మంగళగిరి మెట్లు, సంచిలో ఐదు లీటర్ల నీళ్ళతో. పైకెళ్ళి పానకం తాగి రావచ్చని ఒకడు ఇప్పటికే సంబరపడుతున్నాడు. శ్రీశైలం బాట ఉగాదికి. సంక్రాంతికి ఒక రోజు కొండవీడు, చాంతాడు గారి నాన్నగారి రూటే. మర్నాడు ఖాళీ. మూడో రోజు నాగాయలంక. పడవ గారూ, కనుమ తర్వాత రోజు పోటు ఎన్నింటికో కాస్త చూసి చెప్పండి.

నాగాయలంక_పడవ
ఆ వారంలో చెప్తాను, ఇప్పుడు చెప్తే మర్చిపోతారు. తెల్లారుజామున రమ్మంటే తెల్లారుజామునే రావాలి. నీళ్ళు మీ కోసం ఆగవు.

కొండవీటి_చాంతాడు
మధ్యలో ఖాళీ రోజు పెట్టారు చూశారా, అది బాగుంది. కొండవీడులో ఒంటిగంట దాటితే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగండి. ఆ టైము ఇంట్లో కూడా చెప్పి వెళ్ళండి. తలకు నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

గుంటూరు_కారం
పెరుగన్నం, గోంగూర అని ఎవరూ రాయలేదు. ఈ చర్చ అసంపూర్ణం.

కరెక్ట్_టైమ్_బావమరిది
నేనే ఆ బావమరిదిని. ఈ చర్చ సంగతి అక్క చెప్తే ఇవాళే అకౌంట్ తెరిచాను. అందరూ అడుగుతున్న ఆ టైము నేను చెప్తాను. 10:40. పొద్దున ఆరింటికి బూట్లేసుకుని పటమటలో రోడ్డు మీద నిలబడ్డది నేను. బావ ఏడున్నరకు లేచాడు. తొమ్మిదికి టిఫిన్ దగ్గర ఆపాడు. ఇడ్లీ అయ్యాక పెసరట్టు, పెసరట్టయ్యాక ‘ఇక్కడ ఉప్మా బాగుంటుంది’. నీళ్ళ క్యాను కారు డిక్కీలోనే మర్చిపోయింది కూడా ఆయనే. కొండ మీద ‘ఇంకో పది నిమిషాలే’ అని పదకొండుసార్లు అన్నాడు, నేను లెక్కపెట్టాను. నాలుగు మూతల నీళ్ళలో రెండు నాకు పోసిన మాట నిజం. అది ఒప్పుకుంటాను.

రైవస్_కాలువ
10:40!!!

మందుల_చీటీ
పిక్కలు ఇప్పుడెలా ఉన్నాయి బాబూ?

కరెక్ట్_టైమ్_బావమరిది
పర్లేదు డాక్టర్ గారు. మెట్లు దిగేటప్పుడు కొంచెం పట్టినట్టుంది. కొండవీడుకు వస్తున్నాను, నీళ్ళు నేనే మోస్తాను, నా కారులోనే వెళ్తాం, టిఫిన్ కట్టించుకుని వస్తాం.

పటమట_పాదచారి
ఉప్మా కూడా కట్టించు.